సముద్రాన్ని ఫెయిల్ చేసిన సీసా

రిటైరై నర్సీపట్నం వచ్చాక నన్ను చూడడానికి వచ్చినవాళ్ళలో సగం మంది ముందు నా మెడ వైపు చూశారు. "ఇన్నేళ్ళు బంగారంతో పని సేసినారంట కదా, ఈ సన్న గొలుసేటి వరలక్ష్మి గారూ?" అని మా ఎదురింటి సత్యవతి గారు అడిగేశారు కూడా. సర్వీసంతా కలిపి నేను ముట్టుకున్న బంగారాన్ని కరిగించి పోస్తే ఒక జత కమ్మలైనా అవుతాయో లేదో. నా పని వేరు. బంగారాన్ని కంటికి ఆనని రేణువులుగా నీళ్ళలో పుట్టించాలి. పాలలోనో చేపలోనో ఉండకూడనిది ఉందా లేదా అన్నది ఆ నీళ్ళ చేత చెప్పించాలి. వాటినే నానో సెన్సర్లంటారు.

ఈ మధ్య కెమిస్ట్రీ చదివే అమ్మాయిలిద్దరు మా ఇంటికొచ్చి, "మేమూ ఆ లైన్లోకే వెళ్దామనుకుంటున్నామండీ, అసలు ఎలా ఉంటుంది?" అని అడిగారు. కాఫీ తాగే లోపు చెప్పగలిగింది చెప్పాను. చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. ఏ ఏడు ఏ హోదా వచ్చింది, ఎన్ని పేపర్లు అచ్చయ్యాయి అన్నవి ఇందులో ఉండవు. అవి నాకే విసుగు. నన్ను తలదించుకునేలా చేసిన ఒక చేపల బుట్ట సంగతి మాత్రం పూర్తిగా రాస్తాను.

ఎర్ర బంగారం

బంగారం పచ్చగా ఉంటుందని మనకు తెలుసు. అది అబద్ధమని నాకు మొదట చూపించినవారు సుందరరామయ్య మాస్టారు. నా మొదటి బాస్ ఆయనే. బంగారపు ఉప్పు కలిపిన లేత పసుపు నీళ్ళు గాజు కుప్పెలో మరుగుతున్నాయి. అందులో ఆయన ఇంకో ద్రావణం పోశారు. పసుపు పోయింది. నీళ్ళు తేటబడ్డాయి, తర్వాత మసిబారాయి, నేను "పాడైందండీ" అనబోతుండగా దానిమ్మ రసం రంగుకు తిరిగాయి. అంత చిన్న రేణువులైనప్పుడు బంగారం రంగు ఎరుపు. ఒక్కొక్క రేణువూ వెంట్రుక మందంలో కొన్ని వేల వంతులలో ఒక వంతు.

ఇంకా వింత ఏమిటంటే, ఆ రేణువులు విడివిడిగా ఉన్నంతసేపే ఎరుపు. గుంపుగా అతుక్కున్నాయా, నీలం అయిపోతాయి. అన్నిటి మీదా ఒకే రకం విద్యుత్తు ఉంటుంది కాబట్టి, ఒకే వంటింట్లో తోడికోడళ్ళలా దేని దూరంలో అది ఉంటుంది. వాటి మధ్య దూరాన్ని పోగొట్టేది ఏదైనా వచ్చి చేరితే రంగు మారుతుంది. మా విద్య మొత్తం ఇంతే. చెడిపోయినదాంట్లో ఉండే పదార్థం రేణువుల్ని గుంపు చేయాలి, మనం రంగు చూసి చెప్పాలి.

మాస్టారు నా చేత మొదటి నెలంతా గాజు సామాను కడిగించారు. నాకు ఒళ్ళు మండిపోయేది. ఎమ్మెస్సీ ఫస్ట్ క్లాసులో పాసై వచ్చినదాని చేత గిన్నెలు తోమిస్తున్నాడేమిటని ఇంటికొచ్చి అమ్మ దగ్గర రుసరుసలాడేదాన్ని. రెండో నెలలో నేను సొంతంగా చేసిన బంగారం బూడిద రంగుకు తిరిగి అడుక్కి దిగిపోయింది. కుప్పె మెడలో సబ్బు మిగిలిపోయింది. ఆయన తిట్టలేదు. "ఎందుకు పాడైందో రేపు ఆలోచిద్దువు గాని, ఇప్పుడు నీ కంటికి ఏం కనబడిందో అది రాసుకో" అన్నారు. సెలవు అడిగితే మాత్రం ఇంటికి అగ్గి పెట్టమన్నట్టు చూసేవారు. అయినా నేను పనిచేసిన బాసుల్లో నాకు పని నేర్పింది ఆయనొక్కరే.

ల్యాబుకు ఎవరైనా చూడడానికొస్తే వాళ్ళకు తమాషా చూపించే బాధ్యత నాది. ఎర్ర నీళ్ళలో చిటికెడు వంట ఉప్పు వేసేదాన్ని. టక్కున నీలం. పిల్లలు చప్పట్లు కొట్టేవారు. ఉప్పు తగిలితే మా బంగారం గుంపు కడుతుందని చిన్న పిల్లలకు కూడా చూపించినదాన్ని నేను. ఈ సంగతి గుర్తుంచుకోండి, ఇంకో పేజీలో నా తెలివి మీకే తెలుస్తుంది.

కడగడం ఎందుకు దండగ

కానాగంత, సూర లాంటి చేపల్ని వేడిలో వదిలేస్తే వాటిలో హిస్టమిన్ అనే పదార్థం పుడుతుంది. తిన్నవాళ్ళకు ముఖం ఎర్రబడుతుంది, దద్దుర్లు లేస్తాయి, తలనొప్పి, వాంతులు. పులుసు ఎంత మరిగించినా అది పోదు. వాసన కూడా ఒక్కోసారి బయటపడదు. మరి కొనేవాళ్ళకు ఎలా తెలియాలి? ఈ ప్రశ్న నన్ను ఏళ్ళ తరబడి పట్టుకుంది. హిస్టమిన్ మా బంగారు రేణువుల్ని చక్కగా గుంపు చేస్తుందని తెలిశాక, బజారులో నిలబడి చేయగలిగే పరీక్ష ఒకటి తయారు చేశాం. వేలెడంత ప్లాస్టిక్ సీసా. అందులో ఎర్ర నీళ్ళు. చేప ముక్కను ఒక ద్రావణంలో కుదిపి, ఆ ద్రావణం నాలుగు చుక్కలు సీసాలో వేయాలి. ఎరుపు నిలిస్తే చేప మంచిది, నీలమైతే చెడ్డది.

అప్పటికి నా బాస్ భాస్కరరావు గారు. మనిషి చెడ్డవాడు కాదు, తొందర ఎక్కువ. ప్రాజెక్టులు తేవడంలో ఆయన్ని మించినవాళ్ళు లేరు. తెచ్చాక మమ్మల్ని నిలవనివ్వకపోవడంలోనూ లేరు. "బజారులో బేరమాడేవాడు పది నిమిషాలు ఆగుతాడా వరలక్ష్మీ? రెండు నిమిషాల్లో రంగు రావాలి" అన్నారు.

మా పద్ధతిలో ముందు చేప ముక్కను శుద్ధమైన నీళ్ళతో మూడుసార్లు కడగాలి. ఆ మెట్టును తీసేసింది నేనే. ఎవరూ బలవంతం చేయలేదు. మేం ల్యాబుకు తెప్పించే చేప సిటీలో షాపుది. కడిగినా కడగకపోయినా ఫలితం ఒకటే వస్తోంది. ఎలాగూ అమ్మేవాళ్ళు కడిగే పెడతారు కదా, మళ్ళీ కడగడం ఎందుకు దండగ అనుకున్నాను. ఏ నీళ్ళతో కడుగుతారు అన్న ప్రశ్న నా బుర్రలోకే రాలేదు. పుట్టినప్పటి నుంచి చేప తింటున్నదాన్ని. నర్సీపట్నంలో చేప బజారుకొస్తుంది, బజారు నుంచి ఇంటికొస్తుంది. అంతకు ముందు దాని కథేమిటో ఎవరడిగారు?

ఆదివారం

బజారులో మొదటి పరీక్షకు మా ఊరే ఎంచుకున్నాను, మనవాళ్ళయితే సహకరిస్తారని. నా రిటైర్మెంటుకు అప్పటికి మూడేళ్ళుంది. ఒక ఆదివారం ఉదయం సీసాల పెట్టె పట్టుకుని చేపల బజారుకు వెళ్ళాను. అమ్మేవాళ్ళ సంఘం పెద్ద గోవిందు గారు నాకు స్టూలు వేయించి, "రండి రండి, మా సరుకు మీద ఏ పరీచ్చయినా సేసుకోండి" అన్నారు. జనం మూగారు. ఫోన్లు పైకి లేచాయి.

వరసలో అందరి దగ్గరా ఐసు పెట్టెల్లో వచ్చిన చేప. అక్కడి కుళాయి నీళ్ళతో కడిగి పేర్చారు. ఒక్కొక్కటీ చూస్తూ వచ్చాను. ఎరుపు, ఎరుపు, ఎరుపు. గోవిందు గారి ముఖం వెలిగిపోతోంది. వరస చివర ఒకావిడ బుట్ట మీద తడి గోనె కప్పుకుని కూర్చుంది. పేరు నూకరత్నం. ఎస్. రాయవరం అవతల సముద్రం ఒడ్డు పల్లె నుంచి తెల్లారే బయల్దేరి, అడ్డరోడ్డులో బండి మారి, చేప తెచ్చి అమ్ముతుంది. గోనె తీసింది. కానాగంతలు నిగనిగలాడుతున్నాయి. ముక్క కోశాను, కుదిపాను, చుక్కలు వేశాను.

నీలం.

ఇంకో చేపతో చేశాను. నీలం. మూడోది కూడా అంతే.

"అయ్యబాబోయ్, కుళ్ళిన సేపంట!" అని వెనక ఎవరో అరిచారు. నూకరత్నం లేచి ఒక చేపను నా ముఖం ముందుకు తెచ్చి మొప్ప ఎత్తింది. "ఇటు సూడండి అమ్మగోరూ. రగతంలాగుంది. కన్ను సూడండి. పొద్దున్న వల్లోంచి తీసిన సేప. ఇదేటి కుళ్ళడం? మీ సీసా సూసింది గానీ, మీరు సూడనేదు."

నేను చూశాను. అది చెప్పకపోతే ఈ రాత దండగ. మొప్ప ఎర్రగా ఉంది, కన్ను తేటగా ఉంది, వేలితో నొక్కితే మాంసం తిరిగి లేచింది, సముద్రపు వాసన తప్ప ఇంకో వాసన లేదు. బజారు మొత్తంలో తాజా చేప అదేనని నా ముక్కు చెప్పింది. నా చేతిలో సీసా వేరే చెప్పింది. అంతమంది ముందు నేను సీసా వైపు నిలబడ్డాను. "ఇందులో తేడా కనిపిస్తోందమ్మా" అన్నాను, సినిమాలో డాక్టర్లా.

గోవిందు గారు బుట్ట ఎత్తి చెత్తకుండీలో బోర్లించేశారు. "నీ ఒక్కదాని వల్ల మా అందరి యాపారం పోద్ది. మల్లీ ఈ వరసలో కూకోకు" అన్నారు. ఇది ఇంకా ట్రయల్ మాత్రమేనండీ, ఆగండి అని నేను అనాలి. అనలేదు. ఆవిడ ఏడవలేదు, ఖాళీ బుట్ట దులుపుకుని గోనె మడిచి లోపల పెట్టుకుంది. నా వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయింది. మధ్యాహ్నానికి ఆ వీడియో మా చుట్టాల గ్రూపుల్లో కూడా తిరిగింది. "శభాష్ అక్కా" అని మా తమ్ముడు పెట్టాడు.

పెద్ద యంత్రం మాట

నమూనాగా తెచ్చుకున్న నూకరత్నం చేప ఒకటి నా ఐసు పెట్టెలో ఉంది. మర్నాడు ల్యాబులో దాన్ని పెద్ద యంత్రానికి ఇచ్చాను. అది ద్రవంలోని పదార్థాల్ని ఒక్కొక్కటిగా విడదీసి కొలుస్తుంది. చాలా నెమ్మది, చాలా ఖరీదు, అబద్ధం మాత్రం చెప్పదు. హిస్టమిన్ ఉండాల్సిన చోట గీత చదునుగా పోయింది. చేప కడిగిన ముత్యం.

భాస్కరరావు గారికి చూపించాను. ఆయన కాగితం తిరగేసి మళ్ళీ తిరగేసి, "తర్వాతి వెర్షన్లో సరిచేద్దాం. ఒక చేపలమ్మి కోసం ప్రాజెక్టు ఆపుకుంటామా? ఆవిడ ఇంకోచోట అమ్ముకుంటుంది" అన్నారు. ఆయన్ని ఆడిపోసుకోవడం తేలిక. నేను మూడు వారాలు నోరు మూసుకుని కూర్చున్నాను, అది మాత్రం నా ఖాతాలోదే. భయం ఒకటే కారణం కాదు. సీసా ఎందుకు నీలమైందో తెలియకుండా వెళ్ళి ఏం చెప్పను? హిస్టమిన్ లేదు, మరి నా రేణువుల్ని గుంపు చేసిందెవరు? బ్యాచ్ మార్చి చూశాను. వేడి మార్చి చూశాను. ఆ చేప మీది క్రిముల్ని అనుమానించాను. నిద్రలేచిన దగ్గర్నుంచీ అదే ఆలోచన. చివరికి ల్యాబులో కూర్చుంటే తెగదని, సెలవు పెట్టి బయల్దేరాను.

ముందు బజారుకెళ్ళాను. నూకరత్నం చోటులో ఇంకెవరో రొయ్యలు పెట్టుకున్నారు. ఆవిడ కోటవురట్ల వైపు ఊళ్ళలో బుట్ట నెత్తిన పెట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతోందని, అక్కడ కూడా వీడియో చూసినవాళ్ళు తలుపులు వేసుకుంటున్నారని చెప్పారు.

రేవులో

వాళ్ళ పల్లె చేరేసరికి ఎండెక్కింది. ఆ రోజు పడవలు ఆలస్యమై అప్పుడే ఒడ్డెక్కుతున్నాయి. నన్ను చూసి నూకరత్నం, "మల్లీ ఏటి తెచ్చినారు? ఈసారి మా ఇంటిని పరీచ్చ సేత్తారేటి?" అంది. నీ చేప మంచిదని తేలిందమ్మా, తప్పు నాది, ఎక్కడ తప్పో తెలుసుకోవడానికి వచ్చాను అని చెప్పాను. ఆవిడ పట్టించుకోలేదు. పని చూసుకుంది. నేను ఇసకలో కూలబడి చూస్తూ ఉన్నాను.

వల నుంచి చేపల్ని ఏరింది. బుట్టతో సహా మోకాలి లోతు నీళ్ళలోకి దిగి, బుట్టను అటూ ఇటూ ఊపి కడిగింది. గోనెను అదే నీళ్ళలో ముంచి పైన కప్పింది. గట్టున పంచాయతీ కుళాయి ధారగా కారుతోంది.

"కుళాయి నీళ్ళతో కడగవా?" అన్నాను.

"మంచినీల్లా? మంచినీల్లు తగిల్తే సేప మెత్తబడిపోద్ది అమ్మగోరూ. సముద్రం సేపకి సముద్రం నీల్లే. మా అమ్మ అలాగే సేసీది, మా అత్తా అలాగే. పొయ్యి కాడికి ఎల్లేదాకా మంచినీల్లు తగలనివ్వం."

నేను సంచిలోంచి ఒక సీసా తీసి, చేప లేదు, ముక్క లేదు, ఒడ్డున నీళ్ళు వేలితో తీసి నాలుగు చుక్కలు వేశాను. వేసీ వేయకముందే నీలం. మా సీసా లెక్కన బంగాళాఖాతం మొత్తం కుళ్ళిపోయింది. స్కూలు పిల్లలకు చిటికెడు ఉప్పుతో తమాషా చూపించిన మనిషిని, అదే ఉప్పు చేప తోలు మీద కూర్చుని వస్తే గుర్తుపట్టలేకపోయాను. నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. రెండూ ఆపుకోలేదు. నూకరత్నం నన్ను వింతగా చూసి, "ఎండ తగిలిందేటి?" అని తన చెంబులో నీళ్ళిచ్చింది.

పిల్లలూ, ఈ లైన్లో తప్పు ఎప్పుడూ మీకు తెలియని చోట ఉండదు. మీకు బాగా తెలిసినది వేరే బట్టలు కట్టుకుని వస్తుంది. ల్యాబుకొచ్చే నమూనా ఎక్కడో పుట్టి, ఎవరి చేతుల మీదుగానో వస్తుంది. ఆ చేతులు ఏం చేస్తాయో చూడకుండా మీ పరీక్ష పూర్తయిందని అనుకోకండి.

మళ్ళీ బజారు

భాస్కరరావు గారికి ఈసారి చెప్పి వెళ్ళాను, అడిగి కాదు. ఆయన అరిచారు, రెండు రోజులు మాట్లాడలేదు, ఆ తర్వాత పద్ధతిలో కడిగే మెట్టు తిరిగి పెట్టిన కాగితం మీద సంతకం చేశారు. ఆయన గురించి ఆ మాత్రం మంచి రాయాలి.

ఆదివారం నూకరత్నాన్ని వెంటబెట్టుకుని బజారుకెళ్ళి, అందరి ముందూ ఉప్పునీళ్ళు వేసి సీసా నీలమవడం చూపించాను. తప్పు నాదని గట్టిగా చెప్పాను. గోవిందు గారు తల గోక్కుని ఆవిడ చోటు ఆవిడకు ఇప్పించారు. కానీ కొనేవాళ్ళు రాలేదు. "ఏమో, ఆ నాడు మిషన్ సెప్పింది కదా" అని ఒకాయన నా ముఖం మీదే అన్నాడు. సీసాను తయారు చేసినదాన్ని నేను. దాని మాట నమ్మినంతగా నా మాట నమ్మలేదు. ఈసారి ఫోన్లు కూడా లేవలేదు.

అందుకని వారం వారం ఆవిడ పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఎవరడిగితే వాళ్ళకు చేప ముక్క శుభ్రంగా కడిగి పరీక్ష చేసి ఎర్ర సీసా చూపించేదాన్ని. జనం మళ్ళీ రావడం మొదలుపెట్టారు. "మేడమ్ గారు చూసిందే ఇయ్యి" అని అడిగి కొనేవారు. నాకు లోపల గర్వంగానే ఉండేది, చేసిన తప్పు దిద్దుకుంటున్నానని.

నాలుగో వారం నూకరత్నం కత్తి కింద పెట్టింది. "అమ్మగోరూ, ఓ మాట సెప్తాను, ఏటనుకోకండి. ఈ సీసాలు ఎత్తీండి."

"ఎందుకు? బేరం బాగానే సాగుతోంది కదా."

"బేరం మీ సీసాకొత్తంది, నాక్కాదు. ఇన్నేల్లు నా నోటి మాట మీద కొన్నారు. రేపు మీరెల్లిపోతారు. అప్పుడు నా సేప మంచిదని ఎవులు సెప్తారు?"

సీసాలు పెట్టెలో సర్దేశాను. అంతలో ఒకాయన వచ్చి, "టెస్టు లేదా ఇయ్యేల?" అన్నాడు. నూకరత్నం చేప తీసి మొప్ప ఎత్తి పట్టుకుంది. ఆయన నా వైపు చూశాడు. నేను కిందకు చూశాను. కాసేపటికి ఆయన వంగి, మొప్ప చూసి, వేలితో నొక్కి, "సరే, కిలో తుయ్యి" అన్నాడు.

ఆయన వెళ్ళాక, నేనూ ఏదో చేశానని చెప్పుకోవాలనిపించింది కాబోలు, సంచిలోంచి మా కొత్త పరీక్ష కాగితం తీశాను. "ఇదిగో, నీ వల్ల ఇది మార్చాం. మొట్టమొదట ఏం రాశామో విను" అని చదివాను: "చేపను ఏ నీళ్ళతో కడిగారో అమ్మేవారిని అడగాలి."

"మల్లీ సదవండి" అంది. చదివాను.

ఆవిడ చేతులు గోనెకు తుడుచుకుంది. కోపంగా కూడా అనలేదు.

"ఆ నాడు మీ ఎదురుగానే కూకున్నాను గదమ్మా. అడిగితే సెప్పీదాన్ని."